విసురువల పళ్ళు

నేను చెప్పే మాటల్లో సగమే నమ్మాలని మా ఆవిడ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ముందే చెప్పి పెడుతుంది. ఏ సగమో మాత్రం చెప్పదు. ఆవిడకీ తెలియదు. కాబట్టి ఇది చదివే కుర్రవాళ్ళు తమకు నచ్చిన సగం నమ్ముకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

మొన్నీమధ్య కొత్తగా ఈ పనిలోకి దిగిన ఒక డెంటల్ మెకానిక్కు మా ఇంటికొచ్చి, "మాస్టారూ, బైటు తియ్యడానికి మైనం నమ్మొచ్చా, ప్లాస్టరు నమ్మాలా?" అని అడిగాడు. ఒక్క ముక్కలో చెప్పి పంపేయొచ్చు. కానీ కట్టుడు పళ్ళ పని మానేశాక నాకు మాట్లాడడానికి మనుషులు దొరకడం లేదు. అందుకని కూర్చోబెట్టి, మూడు కాఫీలు తాగించి, కొల్లేటి పెద్దాయన సంగతి మొత్తం చెప్పాను. అతను మళ్ళీ రాలేదు. మీరు పుస్తకం మూసేసి పోతారేమోనన్న భయం ఉన్నా, మీకూ అదే చెబుతాను.

ముందు బైటంటే ఏమిటో చెప్పాలి. నోట్లో ఒక్క పన్నూ లేనివాడికి పళ్ళు కట్టాలంటే, పై దవడా కింది దవడా ఏ చోట, ఎంత ఎడంలో వచ్చి ఆగుతాయో పట్టుకోవాలి. చిగుళ్ళ మీద మైనపు దిమ్మలు కూర్చి, మెత్తగా ఉండగానే నోరు మూయమంటాం. అక్కడ పడ్డ గుర్తే బైటు. దాన్ని తెచ్చి ఆర్టిక్యులేటరు అనే ఇత్తడి సాధనానికి బిగించి, దాని మీద పళ్ళు పేరుస్తాం. మా గదిలో దాని పేరు ఇత్తడి దవడ. బైటు వెంట్రుకంత తప్పితే నోట్లో పళ్ళు రెండిళ్ళ వాళ్ళ గోడల్లా ఎడమొహం పెడమొహంగా నిలబడతాయి.

అవి యాభైల నాటి రోజులు. ఏలూరులో ఒక దంతవైద్యుడి దగ్గర నేను మెకానిక్కుని. డాక్టరుగారిది పంతుళ్ళ కుటుంబం. వాళ్ళింట్లో తరతరాలుగా పిల్లలకు తప్పులు దిద్దడమే పని. ఈయన ఆ దిద్దుబాటును జనం నోళ్ళలోకి తెచ్చాడు. ఆయన సిద్ధాంతం ఒకటే: పళ్ళున్నవి నమలడానికి. అందుకని కొత్త పళ్ళు పెట్టిన ప్రతివాడి చేతా ఇంటి నుంచి డబ్బాలో తెచ్చిన చేగోడీ ఒకటి తినిపించేవాడు. చేగోడీ కరకరలాడుతూ లోపలికి పోతే పళ్ళు పాసు. లేకపోతే నేను ఫెయిలు.

ఏలూరు ఎండల్లో మైనంతో పని చెయ్యడమంటే పాముతో కాపరమే. సాయంత్రం బల్ల మీద నవ్వుతూ పెట్టి వెళ్ళిన పళ్ళు, మర్నాడు మధ్యాహ్నానికి చావు కబురు విన్నట్టు మూతి వేలాడేసుకుని ఉండేవి. ఒక ప్లీడరుగారి సెట్టయితే కిటికీ దగ్గర పెట్టినందుకు పూర్తిగా ఎదురు తిరిగి, ఆయన కక్షిదారు పోలికలు తెచ్చుకుంది. ఇది మా ఆవిడ చెప్పిన సగంలోదే, ఏ సగమో మీరే తేల్చుకోండి.

ప్రతి మంగళవారం మేమిద్దరం తాడేపల్లిగూడెం వెళ్ళేవాళ్ళం. స్టేషను దగ్గర ఒక అద్దె గదిలో డాక్టరుగారు పేషెంట్లను చూసేవాడు. పళ్ళ తయారీ అంతా ఏలూరులోనే. ఒక మంగళవారం ఆ గదికి ఒక పెద్దాయన వచ్చాడు. నల్లగా, సన్నగా, తాటిపట్టెలా ఉన్నాడు. గడ్డం బాగా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. వెనకాలే ఆయన భార్య. కొల్లేటి లంకలో కాపురం, కూతురి పురుడికని గూడెం వచ్చి ఉంటున్నారట. పెద్దాయనకి మాటలు తక్కువ. ఆయన వాటా కూడా ఆవిడే మాట్లాడేసేది.

"ఈయనకి పళ్ళు కావాలండి డాక్టరుగారూ. ముందు పళ్ళు గట్టిగా ఉండాలండి. వల కోసమండి."

డాక్టరుగారు తల ఎత్తాడు. "వలకీ పళ్ళకీ ఏమిటమ్మా సంబంధం?"

అప్పుడు పెద్దాయన నోరు విప్పాడు. ఖాళీ చేతులతోనే లేచి నుంచుని చూపించాడు. విసురువల తాడు ఎడమ మణికట్టుకి కట్టుకుంటారు. వలలో కొంత మోచేతి మీద వేసుకుని, కొంత కుడిచేత్తో పట్టుకుంటారు. సీసం గుళ్ళున్న అంచు తాడు ఒకచోట ముందు పళ్ళతో పట్టుకుంటారు. నడుం తిప్పి విసిరాక, చేతులు వదిలిన రెప్పపాటు తర్వాత పళ్ళు వదలాలి. అప్పుడు వల గొడుగులా విచ్చుకుంటుంది.

"పళ్ళు లేకపోతే?" అన్నాను నేను.

"తడి పంచె ఉండ చుట్టి ఇసిరినట్టు పడుద్దండి," అన్నాడు. "చేపలు నవ్వుతాయండి."

భార్య అందుకుంది. "రెండేళ్ళయ్యిందండి ఈయన వల పట్టి. ఇప్పుడు తమ్ముడు ఇసురుతాడు, ఈయన దోనె ఎనకాల కూచుని గెడ వేత్తాడు. ఊళ్ళో పిల్లలకి వల నేర్పింది ఈయనేనండి. ఇప్పుడా పిల్లలే 'కాత్త జరుగు తాతా, నీళ్ళు తోడు' అంటన్నారు. ఇంటికొచ్చి గోడ ఏపు తిరిగి పడుకుంటాడు. అన్నం తినడు, నన్ను తిట్టనన్నా తిట్టడు. ఎలాగండి?"

డాక్టరుగారు జాలిపడ్డాడు గానీ సిద్ధాంతం వదల్లేదు. "పెద్దాయనా, కట్టుడు పళ్ళు తినడానికి. వల సంగతి నేను హామీ ఇవ్వలేను. ముందు మీరు నమిలి తినండి, ఒంట్లో బలం వస్తుంది. తర్వాత చూద్దాం."

"ఆయ్," అన్నాడు పెద్దాయన. ఆ 'ఆయ్' లో ఒప్పుకోలు ఎంతుందో నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అచ్చులు తీశాం. మరుసటి మంగళవారం మైనంతో బైటు తీశాం. డాక్టరుగారు ఆ రాత్రికి గూడెంలో బంధువుల ఇంట్లో ఉండిపోయి, బైటు నాకిచ్చి, "పసిపిల్లని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళు" అన్నాడు. నేను అలాగే తీసుకెళ్ళాను. పసిపిల్లకి వెచ్చగా ఉండాలి కదా! స్టేషను పక్క హోటల్లో పెసరట్లు వేడివేడిగా వేస్తున్నారు. క్యారేజీ కింది గిన్నెలో పెసరట్లు పెట్టించుకుని, పై గిన్నెలో బైటు భద్రంగా పెట్టి మూత బిగించాను. ఆ ప్యాసింజరు భీమడోలులో ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. జనం దిగి, సోడాలు తాగి, ప్లాట్‌ఫారం మీద ఒక పెళ్ళి సంబంధం కూడా మాట్లాడుకుని మళ్ళీ ఎక్కారు. ఏలూరులో మూత తీసేసరికి మైనం ఒక పక్కకి ఒరిగి, బద్ధకంగా పడుకుని ఉంది. వేళ్ళతో సర్ది, ఏమీ ఎరగనట్టు ఇత్తడి దవడకి బిగించాను.

మర్నాడు డాక్టరుగారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మైనానికి అల్లం వాసనేమిటోయ్?"

"కొత్త సరుకండి," అన్నాను. "కంపెనీవాళ్ళు ఈమధ్య ఏదో కలుపుతున్నారండి."

తర్వాతి మంగళవారం, మైనంలో పేర్చిన పళ్ళు పెద్దాయన నోట్లో పెట్టి చూస్తే, ఎడం పక్క పళ్ళు కలుస్తున్నాయి, కుడి పక్క సందులోంచి వేలు దూరుతోంది. డాక్టరుగారు కంపెనీకి రెండు పేజీల ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం పోస్టు చేసింది నేనే.

"ఇక మైనాన్ని నమ్మేది లేదు," అన్నాడు డాక్టరుగారు. "బైటు ప్లాస్టరుతో తీద్దాం. గట్టిపడ్డాక ఎండకి కరగదు, వేలితో నొక్కితే వంగదు. నోరు ఏం చెప్తే అదే చెప్తుంది."

ఆ మాట నిజం. అది ఎంత నిజమో మాకు తర్వాత తెలిసింది.

ప్లాస్టరు నోట్లో గట్టిపడే దాకా పేషెంటు కదలకూడదు, మెదలకూడదు. గిన్నెలో పల్చగా కలిపి, దిమ్మల మధ్య పోసి, డాక్టరుగారు, "మూయండి పెద్దాయనా. అలాగే ఉండండి. గడియారం ముల్లు ఇక్కడికి వచ్చేదాకా ఊఁ కూడా అనకూడదు," అన్నాడు.

పెద్దాయన మూశాడు. ఆ మూయడంలో ఏదో పట్టుదల ఉంది. గడ్డం ఇంకాస్త ముందుకొచ్చింది, మెడ నరాలు లేచాయి.

భార్య ముందుకు జరిగింది. "ఊఁ కూడా అనకూడదాండి?"

"అనకూడదమ్మా."

"తలకాయ కూడా ఊపకూడదాండి?"

"ఊపకూడదు."

"అయితే ఇనండి డాక్టరుగారూ. మా పెళ్ళయిన ఏడాది మా అమ్మ పెట్టిన ఇత్తడి బిందె కొల్లేట్లో పడిపోయిందని చెప్పాడండి ఈయన. పడిపోలేదండి, ఆళ్ళ అక్కకి ఇచ్చేశాడండి. ఆవిడింట్లో నేను కళ్ళారా చూశానండి. అడిగితే 'అది ఏరే బిందె' అన్నాడండి. ఇప్పుడు అనమనండి!"

పెద్దాయన కళ్ళు ఇంతింతయ్యాయి. కానీ దవడ మాత్రం కదల్లేదు. నా సర్వీసులో అంత నిశ్చలమైన బైటు నేను చూడలేదు. ప్లాస్టరు తియ్యగానే ఆయన అన్న మొదటి మాట, "అది ఏరే బిందే."

ఆ బైటుతో పళ్ళు పేర్చాం. మైనంలో పెట్టి చూస్తే ముత్యాల్లా కలిశాయి. డాక్టరుగారు ఎన్నిసార్లు మూయమంటే అన్నిసార్లు, ఎటు చూసినా సందు లేదు. "చూశావోయ్? సరుకు మంచిదైతే ఇలా ఉంటుంది," అన్నాడు. నేను నా పెసరట్లను తలుచుకుని తల దించుకున్నాను. గులాబీరంగు చిగుళ్ళతో సెట్టు పూర్తి చేసి, మరో మంగళవారం నోట్లో పెట్టి చేగోడీ ఇచ్చాం.

చేగోడీ ఫెయిలయింది. నమలబోయేసరికి కింది దవడ వెనక్కి జారింది, పై పళ్ళు ఒకచోట, కింది పళ్ళు ఒకచోట. సెట్టు మొత్తం అటూ ఇటూ ఊగి, చేగోడీ చెక్కు చెదరకుండా బయటికొచ్చి పెద్దాయన ఒళ్ళో పడింది. మూయమంటే మళ్ళీ ముత్యాలే. నమలమంటే మళ్ళీ ఊగిసలాటే. డాక్టరుగారి మొహం చూడలేకపోయాను.

"పళ్ళు ఇచ్చి వెళ్ళండి. సరిచేసి ఇస్తాను," అన్నాడు.

పెద్దాయన నోరు మూసుకున్నాడు. ఈసారి ప్లాస్టరు లేకుండానే. "బాగానే ఉన్నాయండి," అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

"బాగాలేవు. మీరు నమలలేకపోతున్నారు."

"అలవాటవ్వాలి కదండీ. వచ్చే వారం తెత్తానండి."

మూడు మంగళవారాలు గడిచాయి. రాలేదు. కూతురింట్లో కనుక్కుంటే లంకకి వెళ్ళిపోయారన్నారు. డాక్టరుగారికి నిద్ర పట్టడం మానేసింది. "తప్పు బైటుతో నా చేతి పళ్ళు ఊళ్ళో తిరుగుతున్నాయోయ్. వెళ్ళి తీసుకురా. ఇవ్వనంటే బతిమాలు. బతిమాలినా ఇవ్వకపోతే, నీకు కథలొచ్చుగా, ఒకటి చెప్పు."

నేను బస్సెక్కి, రోడ్డు ఆగినచోట దిగి, తాటిదోనెలో లంక చేరాను. గట్టు మీద పెద్దాయన భార్య చేపలు ఎండబెడుతోంది. నన్ను చూడగానే ఆవిడ చేతిలో బుట్ట జారింది.

"పళ్ళ కోసవేనాండి?"

"అవునమ్మా. ఎక్కడున్నారు?"

ఆవిడ నీళ్ళ వైపు చూసింది. అటు నేనూ చూశాను.

దోనె ముందు కొసన పెద్దాయన నుంచుని ఉన్నాడు. తమ్ముడు వెనకాల గెడ పట్టుకుని ఉన్నాడు. పెద్దాయన తాడు మణికట్టుకి చుట్టుకుని, వల మోచేతి మీద వేసుకుని, అంచు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పుడు చూశాను. కింది దవడ ముందుకు వచ్చింది. గదిలో, ప్లాస్టరు కింద, గడియారం ముల్లు తిరుగుతున్నంతసేపూ ఎలా వచ్చిందో అలాగే. మెడ నరాలు అలాగే లేచాయి. ముందు పళ్ళు అంచు తాడు మీద చెంపకి చెంపా ఆనించినట్టు కలిశాయి. నడుం తిరిగింది, చేతులు వదిలాయి, పళ్ళు వదిలాయి. వల గాలిలో విచ్చుకుని, నీళ్ళ మీద గుండ్రంగా, ఒకే చప్పుడుతో పడింది.

ఆయన చిన్నప్పటి నుంచీ పళ్ళు మూయడమంటే వల పట్టుకోవడమే. మేం మూయమంటే వల పట్టుకున్నాడు. ప్లాస్టరు ఆ పట్టుని వెంట్రుక తేడా లేకుండా దింపుకుంది. మేమే దాన్ని భోజనం అనుకున్నాం.

భార్య నా పక్కకి వచ్చి నుంచుంది. "ఇరవై రోజుల్నుంచీ ఇసురుతున్నాడండి. రాత్రి నన్ను తిట్టాడండి కూడా," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడు పట్టుకుపోతారాండి?"

నేను వచ్చిన దోనె ఎక్కేశాను.

ఏలూరు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరుగారు చివరిదాకా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగుందోయ్. ప్లీడరుగారి పళ్ళ కథకన్నా బాగుంది. పళ్ళు తేలేకపోయానని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

అబద్ధాలాడేవాడికి పడే శిక్ష అదే. నిజం చెప్పినరోజు సాక్షి ఉండడు. నేను నిలబడి, నిలబడి, "డాక్టరుగారూ, మైనంలో అల్లం వాసన పెసరట్టుదండి," అన్నాను. క్యారేజీ సంగతంతా చెప్పేశాను. కంపెనీవాళ్ళ తప్పేమీ లేదని కూడా చెప్పాను.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నన్ను పైకీ కిందికీ చూశాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చివరికి, "తన పీకకి తానే బిగించుకునే అబద్ధం ఎవడూ ఆడడు," అన్నాడు. "ఆ దోనె ఎక్కడ ఎక్కాలి?"

ఆదివారం నాడు వెళ్ళాం. డాక్టరుగారు తెల్ల ప్యాంటు వేసుకుని, సామాను సంచీ గుండెకి హత్తుకుని దోనెలో కూర్చున్నాడు. పెద్దాయన తమ్ముడే గెడ వేస్తున్నాడు. దోనె ఒరిగినప్పుడల్లా డాక్టరుగారు నా భుజం పట్టుకుంటున్నాడు.

"ఇక్కడ లోతెంతుంటుందయ్యా?"

"కూచుంటే లోతేనండి," అన్నాడు తమ్ముడు. "పడితే లేచి నుంచోండి డాక్టరుగారూ. మొలలోతే."

లంకలో మమ్మల్ని చూసి పెద్దాయన పారిపోలేదు. వల తీసుకుని మా దోనెలోకే ఎక్కాడు. విసిరాడు. మళ్ళీ అలాగే గుండ్రంగా పడింది. పైకి లాగితే జెల్లలూ పరిగెలూ తళతళలాడాయి. డాక్టరుగారు పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టినవాడు కాదు. ఆయన చేపల్ని చూడలేదు, పెద్దాయన దవడనే చూస్తున్నాడు.

గట్టుకి వచ్చాక భోజనానికి కూర్చున్నాం. డాక్టరుగారికని ఆవిడ విడిగా పెరుగూ అరటిపళ్ళూ పెట్టింది. పెద్దాయన చేతులు కడుక్కుని, పళ్ళ సెట్టు తీసి, మంచినీళ్ళతో కడిగి, తడిగుడ్డలో చుట్టి, మొల్లో దోపుకుని, అన్నం కలుపుకున్నాడు.

డాక్టరుగారి చేతిలో అరటిపండు ఆగిపోయింది. "పెద్దాయనా! తినేటప్పుడు తీసేస్తారేమిటి?"

"తినడానికాండి?" అన్నాడు పెద్దాయన, ఆశ్చర్యపోతూ. "అరిగిపోవూ?"

నేను నవ్వు ఆపుకోలేక గట్టు దిగి పోయాను. తిరిగొచ్చేసరికి నవ్వు చల్లారిపోయింది. డాక్టరుగారు అరచెయ్యి చాచి ఉన్నాడు.

"పళ్ళు ఇలా ఇవ్వండి."

పెద్దాయన కదల్లేదు. ఎంగిలి చెయ్యి విస్తట్లోనే ఉంది, ఎడం చెయ్యి మొల మీదికి పోయింది. తమ్ముడు గెడని నేలకి ఆనించి చూస్తున్నాడు.

"ఇచ్చెయ్యి," అంది భార్య మెల్లగా. "డాక్టరుగారు చేసినయ్యే కదా."

పెద్దాయన గుడ్డ విప్పి, పై పళ్ళూ కింది పళ్ళూ డాక్టరుగారి చేతిలో పెట్టాడు. పెట్టాక కూడా వేళ్ళు వాటి మీదే ఉన్నాయి కాసేపు. డాక్టరుగారు వాటిని వెలుతురులోకి తిప్పి చూశాడు. పై ముందుపళ్ళ అంచు మీద వల తాడు ఇరవై పైచిలుకు రోజుల్లో ఒక సన్నటి గీత కొరికింది. సంచీ తెరిచాడు. సెట్టు సంచీలోకి పోతుందనుకున్నాం అందరం. సంచీలోంచి సన్నటి ఆకురాయి బయటికొచ్చింది.

"తాడు ఇక్కడ పడుతోందా?" అన్నాడు.

"ఆయ్. జారుతుందండి అప్పుడప్పుడు."

డాక్టరుగారు గీత ఉన్నచోట అంచుని కొంచెం కొంచెంగా రాశాడు. తాడు కూర్చునేంత చిన్న గాడి చేశాడు. పదును లేకుండా చుట్టూ నున్న చేసి, తెల్ల ప్యాంటుకే తుడిచి, ఊది, తిరిగి ఇచ్చాడు. "పెట్టుకుని చూడండి."

పెద్దాయన చెయ్యి కడుక్కుని పళ్ళు పెట్టుకున్నాడు. వల అంచు నోటికి తెచ్చుకుని, దవడ ముందుకి తోసి, తాడు గాడిలో కూర్చోబెట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒకసారి విసరబోయి ఆగాడు.

తాడు నోట్లోంచి తీసి, పళ్ళు చేతిలోకి తీసుకుని, డాక్టరుగారికి ఇచ్చాడు.

"ఇంకో నూలుపోగంత ఎడంపక్కకండి," అన్నాడు.

పంతుళ్ళ ఇంట పుట్టి, ఎవరి చేతా తప్పు దిద్దించుకోని మా డాక్టరుగారు మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. "ఎంతా? చూపించండి."